బండికి వదిలిన అరంగుళం

నా బండి బాగుచేసే మా ఉస్తాద్ పోయి ఇవాళ్టికి పదహారు రోజులు. పొద్దున్నే దుకాణం షట్టర్ ఎత్తి, ముందర నీళ్లు చల్లి, ఛాయ్ తాగి గోడకు ఆనుకుని కూర్చున్నాడట. మళ్లీ లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు.

ఆ కబురు నాకు ఎల్బీ నగర్ మెట్రో కింద, సిగ్నల్ దగ్గర తెలిసింది. ఇంటింటికీ తిరిగి రక్తం శాంపిళ్లు తీసుకుని ల్యాబ్‌లో ఇవ్వడం నా ఉద్యోగం. స్కూటీ మీద శాంపిళ్ల పెట్టె, వెనక బస్సువాడి హారన్, చెవిలో ఫోను. చేసింది లేత్ మిషన్ అన్న, ఉస్తాద్‌కు కావలసిన ఇనుప ముక్కలు చెక్కి ఇచ్చే మనిషి. "అమ్మా, ఉస్తాద్ లేడు" అన్నాడు. "లేడంటే? దుకాణం తెరవలేదా?" అని అడిగాను. నా తెలివి అంతే. ఆయన "లేడమ్మా" అని మళ్లీ అదే మాట అన్నాడు. ఆ తర్వాత నేను నాలుగిళ్లకు వెళ్లాను, నలుగురి రక్తం తీశాను. అయిదో ఇంటి మెట్ల మీద మాత్రం కూలబడి ఏడ్చాను.

నాలుగు రోజులుగా ఈ స్మృతి రాయాలని కూర్చుంటున్నాను, లేస్తున్నాను. బాల్కనీలోకి పోతాను, వస్తాను, ఫ్యాన్ తగ్గిస్తాను, పెంచుతాను. ఒక్కచోట కుదురుగా ఉండే పుటక కాదు నాది, అది మా వాళ్లందరికీ తెలుసు. కానీ ఈసారి కారణం అది కాదు. ఆయన మంచితనం రాయాలంటే పక్కనే నా పిరికితనం కూడా రాయాలి. రెండేళ్ల కింద మా అమ్మ ఆయన్ని నడివీధిలో నిలబెట్టి తిట్టింది. ఆ తిట్లు నావి. ఆయన తిన్నాడు. అందుకే నలుగురూ చదివేచోట రాస్తున్నాను.

ముందు నా గురించి ఒక ముక్క చెప్పాలి. నా ఎత్తు నాలుగడుగుల పదకొండంగుళాలు. ఫారాల మీద అయిదడుగులు అని రాసుకుంటాను. ఈ ఎత్తుతో నాకు కలిగిన కోరిక డర్ట్ బైక్. మట్టి గుట్టలు, రాళ్లు, గుంటల మీద నడపడానికి చేసిన పొడుగాటి బండి అది. ఎవరో వాడినదాన్ని కొన్నాను. మీర్‌పేట్‌లో మా ఇంటి ముందు మొదటిరోజే ఎక్కి కూర్చుంటే రెండు కాళ్లూ గాల్లో ఉన్నాయి. ఎటు ఒరగాలో తోచేలోపే బండీ నేనూ పక్కింటి గేటు మీద పడ్డాం. బండి ఇంకా స్టార్ట్ కూడా చేయలేదు. నల్గొండ పల్లె నుంచి వచ్చి ముప్పయ్యేళ్లయినా మా అమ్మ గొంతు మాత్రం ఇంకా పొలం గట్టు మీదే ఉంటుంది. "నువ్వు బండిని తోల్తవా, బండి నిన్ను తోల్తదా?" అని సందంతా వినపడేలా అడిగింది.

అలా పడుతూ లేస్తూ ఉస్తాద్ దుకాణం చేరాను. సరూర్‌నగర్ చెరువు వెనక సందులో ఒకే షట్టర్ కింద రెండు దుకాణాలు. కుడివైపు ఆయన బండ్లు బాగుచేసేవాడు, ఎడమవైపు ఆయన భార్య జాకెట్లు కుట్టేది. నేను ఆమెను అక్క అని పిలుస్తాను. ఆయనది మా నల్గొండ వైపే. అక్క వాళ్లు ఎప్పుడో కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. ఇద్దరి మధ్య గోడ లేదు. నాలుగడుగుల ఖాళీ, అంతే. ఆయన చేతులు తుడుచుకునే గుడ్డలన్నీ జాకెట్ ముక్కలే. చిలకపచ్చ ముక్కతో చైను తుడిచేవాడు, గులాబీ ముక్కతో ప్లగ్గు తుడిచేవాడు. నట్లూ బోల్టులూ అక్క వాడేసిన దారపు డబ్బాల్లో ఉండేవి. కొలతలకు కూడా అక్క టేపే. "నేను గూడ దర్జీనే. మీ అక్క మనుషులకు కుడ్తది, నేను బండ్లకు" అనేవాడు.

మనిషి ఆరడుగులు దాటి ఉంటాడు. ముక్కాలి పీట మీద కూర్చున్నా నా కంటికి సమానంగా ఉండేవాడు.

"ఏం గావాలె బిడ్డా?"

"బండి పొట్టిగ చెయ్యాలె ఉస్తాద్. నా రెండు కాళ్లు నేలకు ఆనాలె. మడమలతోని సహా."

"రెండు మడమలు ఆన్తె దాన్ని డర్ట్ బైక్ అనరు బిడ్డా, పీట అంటరు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆరడుగుల మనిషికేం తెలుసు అనుకున్నాను. అంతలో ఆయన లేచి, మోకాళ్లు బాగా వంచి, నా ఎత్తుకు దిగి బండి చుట్టూ నడిచాడు. అలా వంగే హ్యాండిల్ పట్టుకుని చూశాడు, అలా వంగే వెనక్కి పోయాడు. "హా, గిట్ల గనపడ్తదా నీకు? పెద్దగనే ఉన్నది" అన్నాడు. నా కోపం అక్కడికక్కడే దిగిపోయింది. ఎత్తు గురించి నన్ను ఆటపట్టించినవాళ్లు చాలామందే ఉన్నారు కానీ, నా ఎత్తుకు దిగి చూసింది ఆయనొక్కడే.

బండి ఎత్తు తగ్గించడం అంటే కొందరు స్ప్రింగు కోసేస్తారు. ఉస్తాద్ ఆ పని చేసేవాడు కాదు. స్ప్రింగు కోస్తే బండి ప్రాణం కోసినట్టే అనేవాడు. వెనక షాక్ అబ్సార్బర్ విప్పి లోపల ఒక చిన్న ఇనుప గొట్టం ముక్క వేస్తే, అది పూర్తిగా సాగకుండా ఆగుతుంది. బండి ఆ మేరకు కిందికి దిగుతుంది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుల్లోనూ అలాగే ముక్కలు వేసి ముందూ వెనకా సమానం చేయాలి. వెనక లోపల అరంగుళం మారితే చక్రం దగ్గర ఒకటిన్నర అంగుళం మారుతుంది. ఈ ఒక్క సంగతీ దయచేసి గుర్తుంచుకోండి.

కొలతలు తీసే పద్ధతి కూడా ఆయనదే ఒక తీరు. మొదటిరోజు కొలవనే లేదు. "తినొచ్చినవా?" అని అడిగాడు. లేదన్నాను. "పో, తినిరా. బూట్లేస్కో, హెల్మెట్ పెట్టుకో, నీళ్ల సంచి నింపి ఈపుకు తగిలించుకో. గుట్ట మీద ఎట్లుంటవో గట్లనే కొలుస్త. ఖాళీ కడుపుతోని కొలిస్తె బండి అబద్ధం చెప్తది." మర్నాడు అన్నీ తగిలించుకుని, పప్పన్నం తిని పోయాను. నేను బండి మీద కూర్చుంటే అక్క మిషను దగ్గర నుంచి లేచి వచ్చి టేపు కొసను చక్రం ఇరుసు దగ్గర పట్టుకుంది. ఆయన పైన మడ్‌గార్డ్ దగ్గర చదివాడు. ఆయన అంకె చెప్పడం, ఆమె రాయడం. చేతులు పది, నడుము ముప్పై అని రాసిన అదే పుస్తకంలో ఒక పేజీ నా బండికి దక్కింది. "ఊపిరి బిగబట్టకమ్మా, జాకెట్టైనా బండైనా మామూలుగా ఉంటేనే కొలత" అని అక్క నవ్వింది. వాళ్లిద్దరూ అలా ఒక టేపుకు రెండు వైపులా ఎన్నేళ్లుగా ఉన్నారో నాకు తెలియదు. చూడముచ్చటగా ఉండేది.

ముందు ఫోర్కుల ముక్కలు ఆయనే కోసుకున్నాడు. వెనక దానికి ముప్పావంగుళం అని అక్కకు చెప్పి, లేత్ అన్నకు చీటీ రాసి పంపమన్నాడు. ఆరోజు అక్క చేతిలో నాలుగు పెళ్లి జాకెట్లున్నాయి. ముప్పయ్యేళ్లుగా ఆ చెయ్యి ఎవరు ఏ కొలత చెప్పినా కుట్టుకు అరంగుళం కలిపి రాస్తుంది. ఆరోజూ అదే చేసింది. ఒకటింపావు అంగుళం ముక్క వచ్చింది. ఆయన ఆరోజు మరోసారి కొలవకుండానే లోపల వేసి బిగించాడు.

బిగించడం అయ్యాక, తన లెక్క ప్రకారం కోసి అతికించిన సైడ్ స్టాండు మీద బండిని నిలబెట్టాడు. బండి నిటారుగా నిలబడింది. ఇదేంటి ఇటు ఒరగాలి కదా అని మేం చూస్తుండగానే మెల్లగా అటువైపు ఒరిగి ధడేలున పనిముట్ల పళ్లెం మీద పడింది. బండి లెక్కకు మించి దిగి స్టాండు పొడుగైందని ఉస్తాద్ వంగి చూసి తెలుసుకున్నాడు. తర్వాత, ముక్కతో పాటు తిరిగొచ్చిన చీటీ వెతికి తీసి చదివాడు. అక్క వైపు తిరిగాడు.

"బండికి గూడ కుట్టు వదిలినవా ఏందే?"

అక్క నాలుక కరుచుకుంది. "అయ్యయ్యో, అలవాటులో పడి రాసేశానండీ! బిగుతైతే విప్పుకోడానికి ఉంటుందని..."

ముగ్గురం పొట్టలు పట్టుకుని నవ్వాం. అక్క కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఆ పూట ఎవరికీ అది తప్పుగా అనిపించలేదు, వేళాకోళంగానే ఉంది. అక్కను మంచినీళ్లు తెమ్మని లోపలికి పంపి, రెండు రోజుల్లో వేరే ముక్క చెక్కించి మారుస్తానన్నాడు ఉస్తాద్.

అప్పుడు నేను బండెక్కాను. రెండు పాదాలూ, మడమలతో సహా, నేలకు ఆనాయి. బస్సులో కూర్చున్నా కాళ్లు వేలాడే నాకు అది ఎలా ఉంటుందో మీకెలా చెప్పను?

"వద్దు ఉస్తాద్. గిట్లనే ఉండనియ్."

"ఎనక బాగ దిగిపోయింది బిడ్డా. ఎగిరి దిగినవనుకో, కడుపు రాయికి తగుల్తది. హ్యాండిల్ గూడ మాట వినదు. రెండే రెండు రోజులు ఇడిసిపెట్టి పో."

"ఆదివారం దోస్తులతోని గుట్టకు పోయేదున్నది. వచ్చే వారం తెస్త."

ఆయన నా హ్యాండిల్ పట్టుకుని, "మెల్లగ నడుపు. వచ్చే వారం పక్కా తేవాలె" అన్నాడు. పక్కా అన్నాను. అక్క వచ్చేసరికి ఆయన సైడ్ స్టాండు మళ్లీ కోస్తున్నాడు. ఈ మాటలేవీ ఆమె వినలేదు.

వచ్చే వారం నేను పోలేదు. ఆ పై వారమూ పోలేదు. ఆయన రెండుసార్లు ఫోన్ చేశాడు. ఒకసారి డ్యూటీలో ఉన్నానన్నాను, రెండోసారి ఎత్తనేలేదు. మూడో ఆదివారం హయత్‌నగర్ దాటాక ఒక పాత క్వారీ దగ్గర మట్టి దిబ్బ మీంచి ఎగిరాను. దిగేటప్పుడు బండి కడుపు ఆయన చెప్పినట్టే రాయికి తగిలింది. నేను హ్యాండిల్ మీంచి అవతల పడ్డాను. భుజం ముందరి ఎముక విరిగింది.

నన్ను దవాఖానలో చేర్చి, నా దోస్తుల దగ్గర సగం సగం విని, అమ్మ ఆటో ఎక్కి తిన్నగా ఉస్తాద్ దుకాణానికి పోయింది. నడివీధిలో నిలబడింది. "ఆడివిల్ల ప్రాణాలతోని ఆటలా? పని రాకపోతె దుకాణం మూసుకోని పో" అందట. ఇంకా చాలా అందట. ఆయన ఒక్క మాట ఎదురు చెప్పలేదు. అక్క బయటికి వచ్చి, "ఆయన్నేమీ అనకండమ్మా, కొలత తప్పు రాసింది నేను. తప్పు నా చేతిది" అని ఏడ్చిందట.

సాయంత్రం ఆయన నన్ను చూడటానికి వచ్చాడు. అమ్మ మందుల కోసం కిందికి పోయింది. తిడతాడనుకున్నాను. "నొప్పి మస్తున్నదా?" అన్నాడు. నేను ఏడుస్తూ చెప్పింది ఏమిటో వినండి. "అమ్మకు చెప్పకు ఉస్తాద్. నువ్వు ఆగమన్నవని తెలిస్తె బండి అమ్మేస్తది." విరిగిన ఎముకతో పడుకుని నేను బండి గురించి బేరమాడాను.

ఆయన నా దుప్పటి సర్దాడు. "మీ అమ్మ తిట్లకు నాకేం గాదు. మస్తు తిన్న తిట్లు. గని మీ అక్కకు నువ్వు చెప్పాలె. నేను జెప్పిన ఆమెకు, నీ తప్పు గాదే అని. నా మనసు నిమ్మళం కోసం అంటున్నరు అంటది. నువ్వు జెప్తెనే నమ్ముతది."

"చెప్త" అన్నాను.

మూడు నెలల తర్వాత బండిని మళ్లీ సరిచేశాడు. ఈసారి ముప్పావంగుళమే. ఎడమ కాలి మునివేళ్లు మాత్రం ఆనుతాయి. సీటు మీంచి నడుమును జర పక్కకు జరిపి ఒక కాలితో బండిని ఎలా ఆపాలో, ఎటు ఒరిగితే ఎటు బరువు వేయాలో నెలరోజులు నేర్పాడు. "కాలు పొట్టిగుంటె ఏంగాదు, తొందర పొట్టిగుండాలె" అనేవాడు. ఇవాళ ఎంత రాళ్లలోనైనా నేను పడకుండా ఆపగలను. అది ఆయన పెట్టిన భిక్ష.

కానీ ఆ సరిచేసిన రోజు సంగతి చెప్పాలి. తిని, బూట్లూ హెల్మెటూ వేసుకుని బండి మీద కూర్చున్నాను. ఆయన టేపు తీసి, "ఓ, జర ఇటు రావే, కొస పట్టు" అని పిలిచాడు. అక్క మిషను మీంచి తల ఎత్తలేదు. "నా చెయ్యి వద్దులెండి. ఒకసారి చేసింది చాలు" అంది. ఆయన నా వైపు చూశాడు. నేను నాలుగడుగుల దూరంలో, బండి మీద, నోరు మూసుకుని కూర్చున్నాను. ఒక్క మాట అంటే అయిపోయేది. అక్క ద్వారా అమ్మకు తెలుస్తుందని భయం. ఆయన ఇంకేమీ అనకుండా టేపు కొస మీద ఒక ఇటుక పెట్టి, తానే వంగి, తానే చదివి, తానే రాసుకున్నాడు.

ఆ తర్వాత నేను వెళ్లిన ప్రతిసారీ అదే ఇటుక. ఆయన అక్కను పిలవడం మాత్రం మానలేదు. ఆమె వచ్చేది కాదు. ఆయన నన్ను ఒక్కనాడూ గద్దించలేదు. బండి ఇచ్చేటప్పుడు మెల్లగా, "చెప్పినవా?" అనేవాడు. "రేపు" అనేదాన్ని. చనిపోవడానికి పది రోజుల ముందు కూడా అడిగాడు, నేనూ అదే చెప్పాను. పెద్దగా నవ్వాడు. "నీ రేపు ఎంత పొడుగున్నదే! దాన్ని గూడ జర తగ్గియ్యాలె" అన్నాడు. నేనూ నవ్వాను. సిగ్గులేనిదాన్ని, నవ్వాను.

అంత్యక్రియల నుంచి ఇంటికి వచ్చి ముందు అమ్మకు చెప్పాను. అమ్మ బియ్యం ఏరుతోంది. అంతా విని చాట పక్కన పెట్టింది. బండి అమ్మేయమంటుందని చూశాను.

"బండెవరికి గావాలె? గంత మాటలన్న నేను. ఆయన విన్నడు, పోయిండు. ఇప్పుడా మాటలు నేను ఎవరి దగ్గర వాపస్ తీసుకోవాలె?" అంది. చాట మళ్లీ అందుకుని, "నాకెందుకు చెప్తున్నవ్? పో, ఆమెకు చెప్పు" అంది.

పదకొండో రోజు దాటాక పోయాను. షట్టర్ తెరిచే ఉంది. ఒప్పుకున్న పెళ్లి జాకెట్లు ఎవరి కోసమూ ఆగవు కదా, అక్క కుడుతోంది. కూర్చోమంది. కూర్చోలేదు. నిలబడే చెప్పాను, ఆయన రెండు రోజులు ఆగమన్న దగ్గర నుంచి దవాఖానలో అమ్మకు చెప్పొద్దని నేను బతిమాలిన దాకా. మిషను ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు.

"ఆగమన్నారా ఆయన?"

"అన్నడక్కా."

"నువ్వు వినలేదు."

"వినలే. రెండుసార్లు ఫోన్ గూడ చేసిండు."

అక్క చేతిలోని జాకెట్‌ను మడతపెట్టింది. మళ్లీ విప్పింది.

"నాకూ చెప్పేవారమ్మా, నీ తప్పు కాదే అని. నన్ను ఊరడించడానికి అంటున్నారనుకున్నాను." ఆమె గొంతు పెరగలేదు. "రోజూ పిలిచేవారు. జర వచ్చి టేపు పట్టుకో అని. రెండేళ్లు పిలిచారు. ఇక్కడి నుంచి అక్కడికి నాలుగడుగులు. నేను లేచి వెళ్లలేదు."

"అక్కా, నన్ను..."

"ఇవాళ అడగొద్దు. ఇవాళ నా దగ్గర ఏమీ లేదు, వెళ్లు."

గడప దాటాను. బండికి తాళం పెట్టబోతూ వెనక్కి తిరిగి చూశాను. అక్క లేచింది. తను కూర్చున్న స్టూలును రెండు చేతులతో ఎత్తుకుని ఆ నాలుగడుగులూ నడిచింది. కుడివైపు, బండ్లు నిలబెట్టే ఖాళీ చోటు పక్కన దాన్ని దించి, ఎవరో పిలిస్తే వచ్చినట్టు కూర్చుంది.